రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత

పియోరియాలో మా వంటింటి బల్లకి
ఒక కాలు పొట్టి.
దాని కింద దోపిన లావుపాటి పుస్తకం
నేను చదువుకున్న మొదటి డేటాబేస్ మాన్యువల్.
ఇన్నేళ్ళకి దానికో నిలకడైన ఉద్యోగం దొరికింది.

ఈ బల్ల దగ్గరే
ఊళ్ళో తెలుగు పిల్లలందరికీ మేజర్లు చెప్పాను,
ఉగాది పూట పంచాంగం విప్పినట్టు:
దీనికి ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు,
దానికి ఆదాయం రెండు, అవమానం ఆరు.
తల్లులు తలాడించేవారు.
తండ్రులు ఫోన్లలో రాసుకునేవారు.
నేను కాఫీ తాగేదాన్ని, సిద్ధాంతిలా, మెల్లిగా.

సూర్యంగారి పెద్దవాడికి టెలికాం అన్నాను,
మనుషులు మాట్లాడుకున్నంత కాలం ఢోకా లేదని.
వాడు పట్టా పుచ్చుకున్న మే నెలలోనే
ఆ కంపెనీ గేటుకి 'అద్దెకు ఇవ్వబడును'.
ఇప్పుడు వాడు డెకేటర్‌లో పళ్ళ డాక్టరు.
ఎదురుపడితే పళ్ళన్నీ కనపడేలా నవ్వుతాడు,
కోపమో, వృత్తిధర్మమో తెలీదు.

సుభాషిణి కూతురు స్టాటిస్టిక్స్ అంటే
లెక్కలు చెప్పుకుని బతుకుతావా అన్నాను.
పదేళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో
అద్దాల గదిలో బల్లకి అవతల కూర్చుని ఉంది.
పాపం, సులువైన ప్రశ్నలే అడిగింది.
నన్ను తీసుకోలేదు.

అయినా వస్తూనే ఉన్నారు.

ఈ సాయంత్రం ధృతి వచ్చింది.
పదిహేడేళ్ళు, తడిసిన బూట్లు, ఒళ్ళో లాప్‌టాప్.
తండ్రి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు,
ఫోన్లో జీతాల పట్టిక వెలుగుతూ.
కిటికీలోంచి ఇల్లినాయ్ నది,
మొక్కజొన్న పడవలు వరసగా దిగువకి.
ఈ ఊళ్ళో ఎటు పోతున్నదీ తెలిసినవి అవే.

"కంప్యూటర్ సైన్సా, డేటా సైన్సా ఆంటీ?
నేను బయటికొచ్చే నాటికి
ఏది బతికుంటుంది?"
ఆస్పత్రిలో పక్కపక్క మంచాల గురించి
అడిగినట్టు అడిగింది.

సెప్టెంబరులో మా టీములో పదకొండు మందిమి
ముగ్గురం అయ్యామని నేను చెప్పలేదు.
నా పని నేర్చుకుంటున్న ప్రోగ్రాంకి
నేనే పంతులమ్మనని చెప్పలేదు.
చురుకైన శిష్యుడు.
ఒక్క ప్రశ్న రెండోసారి అడగడు.

ఏమనాలో తోచక
"కళ్ళు ఎర్రగా ఉన్నాయేం, నిద్ర లేదా?" అన్నాను.

సాయంత్రాలు లైబ్రరీలో పని చేస్తుందట.
మొన్నటి మంచుకి వెనక తలుపు తెరుచుకోలేదు.
చక్రాల కుర్చీలో ఒకాయన
అద్దానికి అవతల, చేయి ఊపుతూ,
సెన్సర్ చూడలేదు.
"మేమందరం చూస్తున్నాం ఆంటీ, అది తప్ప."
నిన్న రాత్రి దాని బొమ్మలన్నీ వెతికి
ఎందుకు చూడలేదో కనుక్కుంటూ కూర్చుందట.
ఇంకా తేలలేదు.

"దానికి మేజర్ ఏముంటుంది?"
తండ్రి అడిగింది వెక్కిరింతగా కాదు.
నిజంగానే పట్టికలో వెతుకుతున్నాడు.

దరఖాస్తులో గడి తెరుచుకునే ఉంది.
ఒక్కటే ఎంచుకోవాలి.
వేలితో కిందకి జరుపుతూ పోయాను,
అకౌంటింగ్ దాటి, ఏవియేషన్ దాటి.
"ఎలక్ట్రికల్..." అన్నాను. "ఆదాయం ఎనిమిది. వ్యయం ఎనిమిది."
"రాజపూజ్యం?" అన్నాడాయన వెంటనే.

తెలీదు అన్నాను.

ఇరవై రెండేళ్ళలో ఈ బల్ల మీద
ఆ మాట పడటం అదే మొదలు.
కాఫీ కప్పు కూడా ఎక్కడ పెట్టాలో తెలియలేదు నాకు.
ఆయన ఫోను జేబులో పెట్టుకుని
మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
బల్ల ఊగింది.

ధృతి అప్పటికే కిందకి వంగింది,
ఎందుకు ఊగుతోందో చూడ్డానికి.
పుస్తకం సగం బయటికి లాగి
అట్ట మీద దుమ్ము తుడిచి
పేరు పైకి చదివింది.
"ఇది ఇంకా పనికొస్తుందా ఆంటీ?"

"ముందు అక్కడ పెట్టు తల్లీ,
కాఫీ ఒలుకుతోంది."